పసివాళ్ల దగ్గర తొలి కొలువు

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి హైదరాబాద్ తూర్పున కొత్తపేట, చైతన్యపురి, మన్సూరాబాద్, వనస్థలిపురం సందుల్లో బడి గేట్ల మీద రెండు రకాల ప్రకటనలు కనిపిస్తాయి. పైన నిలువెత్తు ఫ్లెక్సీ. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అడ్మిషన్లు మొదలయ్యాయని, సీసీ కెమెరాలున్నాయని, వ్యాను సౌకర్యం ఉందని అందులో వివరంగా ఉంటుంది. దాని కింద సెల్లోటేపుతో అంటించిన తెల్లకాగితం. ‘మదర్ టీచర్లు, ఆయాలు కావలెను. ఫ్రెషర్స్ కూడా రావచ్చు’ అన్న రెండు ముక్కలు, ఒక ఫోన్ నంబరు. జీతమెంతో, ఎన్ని గంటల పనో, ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లల్ని అప్పగిస్తారో ఆ కాగితం చెప్పదు.

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఆలోగా ఆ నంబరుకు ఫోన్ చేసేవాళ్లు రకరకాలు. ఇంటర్ అయ్యాక పెళ్లయి, నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవాళ్లు. గ్రూప్స్ కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చేరి, నోటిఫికేషన్ వాయిదా పడేకొద్దీ మెస్ బిల్లుకు దారి వెతుక్కునే డిగ్రీ అమ్మాయిలు. బిడ్డను నర్సరీలో చేర్చడానికి వెళ్లి, స్టాఫ్ పిల్లలకు ఫీజులో రాయితీ ఉందని విని, అదే బడిలో పని అడిగే తల్లులు. ఇంటి ఖర్చు మీదపడి నలభై ఏళ్లు దాటాక మొదటిసారి జీతం పనికి బయల్దేరే ఆడవాళ్లు. వీళ్లందరికీ ఇంట్లో, వీధిలో వినిపించేది ఒకే మాట: ‘పిల్లల్ని చూసుకోవడమే కదా, ఎవరైనా చేస్తారు.’

ఆ మాట తప్పు. ఆ మాట వల్లే జీతం తగ్గుతోంది, శిక్షణ లేకుండా పోతోంది. పని అడగడానికి వెళ్లే మనిషి తలుపు దగ్గరే చిన్నబోతోంది. ఈ ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవాళ్లు తమ దగ్గర ఏముందో, ఎదుటివాళ్లను ఏం అడగాలో తెలుసుకుని వెళ్లాలన్నదే ఈ కథనం ఉద్దేశం.

ఎనిమిదికి మెట్రో ఎక్కే ఇల్లు

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైంది. మియాపూర్ చివర నుంచి ఎల్బీనగర్ చివర దాకా ఆ లైన్లో 27 స్టేషన్లు. అమీర్‌పేటలో బండి మారితే హైటెక్ సిటీ. భార్యాభర్తలిద్దరూ అటువైపు ఆఫీసులకు వెళ్తూ, ఇల్లు మాత్రం తూర్పున ఉంచుకున్న కుటుంబాలు ఈ కాలనీల్లో చాలా ఉన్నాయి. అద్దె ఇక్కడ అందుబాటులో ఉంటుంది. ఊరికి వెళ్లాలంటే ఎల్బీనగర్ కూడలికి వస్తే విజయవాడ బస్సు, సాగర్ రోడ్డు బస్సు దొరుకుతాయి. కానీ పొద్దున ఎనిమిదికి మెట్రో ఎక్కినవాళ్లు ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. అమ్మమ్మా నానమ్మా ఊళ్లో ఉంటారు. మరి రెండున్నరేళ్ల పిల్ల ఆ పదకొండు గంటలూ ఎక్కడ ఉండాలి?

అందుకే ప్లేస్కూల్ బోర్డు కింద ‘డే కేర్’ అన్న అక్షరాలు చేరాయి. పిల్లల్ని ఇంటికొచ్చి చూసుకునే మనుషుల్ని పంపే ఏజెన్సీలు వచ్చాయి. చాలా ఇళ్లలో పై అంతస్తు అద్దెకిచ్చి, కింది భాగంలో క్రెష్ నడుపుతున్నారు. చదువు, సంపాదన కలిసి పెరిగిన ప్రతిచోటా ఈ పనికి మనుషుల అవసరం ఇలాగే పెరుగుతుంది.

తల్లిదండ్రుల చేతుల్లో లేని పిల్లల్ని మరొకరు చూసుకోవడం ఈ ప్రాంతానికి మెట్రోతో వచ్చింది కాదు. చైతన్యపురి దాటాక వచ్చే విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌కు ఆ పేరు అక్కడి అనాథ బాలల ఆశ్రమం నుంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సరూర్‌నగర్‌లో కట్టించుకున్న భవనం తర్వాత పిల్లల నివాసమైంది. రోజూ ఆ స్టేషన్లో దిగి పనికి వెళ్లే యువతులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుంటుంది. తాము చేస్తున్న పనికి ఈ నేల మీద నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

అతి చిన్నవాళ్లు, అతి కొత్త చేతులు

చిన్న బడి ఏదైనా చూడండి. పదో తరగతికి అనుభవం ఉన్న టీచరు కావాలంటారు. ఐదుకు బీఈడీ అడుగుతారు. కిందికి దిగేకొద్దీ అడిగేది తగ్గిపోతుంది. నర్సరీకి ఫ్రెషర్ చాలు. అంతకంటే చిన్న ప్లేగ్రూపుకు ‘ఓపికగా ఉండే అమ్మాయి’ చాలు. ఇక ఆయా విషయంలో చదువు ప్రసక్తే రాదు. మాటలు కూడా సరిగా రాని బిడ్డ, ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పలేని బిడ్డ, ఏడుపు తప్ప మరో భాష లేని బిడ్డ అందరికంటే కొత్తగా చేరిన, అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషి చేతుల్లో పడతాడు. ఈ తలకిందుల ఏర్పాటును మనం మామూలుగా తీసుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఆయా చేసే పని ఒకసారి లెక్క పెట్టుకుందాం. వ్యాను ఆగగానే పిల్లల్ని ఒక్కొక్కరినే చేయి పట్టి దించాలి, తలలు లెక్కపెట్టుకోవాలి. తల్లిని వదలని పిల్లను చంకనేసుకుని లోపలికి తీసుకెళ్లాలి. ఎవరు ఎప్పుడు బాత్రూమ్‌కి వెళ్తారో గుర్తుంచుకోవాలి. ప్యాంటు తడిపిన పిల్లాణ్ని పక్కవాళ్లు నవ్వకముందే తీసుకెళ్లి బట్టలు మార్చాలి. స్నాక్ డబ్బా తెరిచి, ద్రాక్షపండు కనిపిస్తే నిలువుగా ముక్కలు చేసి పెట్టాలి, గొంతులో అడ్డుపడితే క్షణాల్లో ప్రాణం మీదికొస్తుంది కనుక. ఒళ్లు వేడిగా ఉంటే టీచర్ కంటే ముందు ఆమె చేతికే తెలుస్తుంది. సాయంత్రం బిడ్డను తీసుకెళ్లడానికి కొత్త మొహం వస్తే, గేటు దగ్గర ఆపి ‘మీరెవరండీ, అమ్మగారికి ఒకసారి ఫోన్ చేస్తాను’ అనేది ఆమే. ఇందులో ఏ ఒక్కటి తప్పినా పేపర్లో వార్త అవుతుంది. ఇవన్నీ సవ్యంగా జరిగిన రోజున ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు.

మదర్ టీచర్ పని దీనికి దూరం కాదు. రైమ్స్, ఫోనిక్స్, అక్షరాలు దిద్దించడం పైకి కనిపిస్తాయి. జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాలు మాత్రం ఆమె చేసేది ఒక్కటే, ఏడుస్తున్న పదిహేను మందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఒకరి ఏడుపు మరొకరికి అంటకుండా చూడటం. ఆ పదిహేను రోజుల్లో గొంతు పోతుంది, నడుం పోతుంది. ఆ పదిహేను రోజులు తట్టుకున్న అమ్మాయి ఆ ఏడాదంతా నిలబడుతుందని పాత టీచర్లు చెబుతారు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ఏం చెప్పాలి

ఫోన్ చేస్తే చాలా చోట్ల ‘రేపు పదింటికి వచ్చేయండమ్మా, సర్టిఫికెట్లు తెచ్చుకోండి’ అంటారు. వెళ్లాక ప్రిన్సిపాల్ మేడమ్ అడిగే మొదటి ప్రశ్న ‘ఇంగ్లిష్ మాట్లాడతారా?’ రెండోది ‘పెళ్లయిందా, చిన్నపిల్లలున్నారా?’ మూడోది ‘ఎక్స్‌పీరియన్స్ ఉందా?’

మొదటిదానికి భయపడాల్సిన పని లేదు. మూడేళ్ల పిల్లాడు ఇంటి భాషలో ఆలోచిస్తాడు, ఇంటి భాషలో ఏడుస్తాడు. 2020 జాతీయ విద్యావిధానం కూడా చిన్న తరగతుల్లో ఇంటి భాషకే మొగ్గు చూపింది. ‘నాకు వచ్చినంత ఇంగ్లిష్ ఇది, పాటలు, కథలు తెలుగులో బాగా వచ్చు, కావాలంటే ఇప్పుడే ఒకటి చెబుతాను’ అని నిలబడి చెప్పగలిగితే వినేవాళ్లు వింటారు. రెండోది సొంత విషయం, పనికి సంబంధించింది కాదు. అయినా అడుగుతారు. ‘పని వేళల్లో నా పిల్లల్ని చూసే మనిషి ఇంట్లో ఉన్నారు’ అని ఒక్క వాక్యంలో ముగించి ముందుకు పోవడం మంచిది.

మూడో ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. ‘లేదు మేడమ్’ అని తల దించుకుంటారు. నిజానికి వాళ్లకు ఉన్నది వాళ్లకే తెలియదు. అక్క కవలపిల్లల్ని ఏడాదిన్నర పెంచిన మనిషి, అపార్ట్‌మెంట్‌లో సాయంత్రాలు పదిమందికి ట్యూషన్ చెప్పిన మనిషి, ఊళ్లో అంగన్‌వాడీ టీచరుకు సాయంగా తిరిగిన మనిషి అనుభవం లేదనడం ఏమిటి? దరఖాస్తు కాగితం మీద ఆ సంగతులే రాయాలి, వివరంగా రాయాలి. ఎంత వయసు పిల్లలు, ఎంతమంది, ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని గంటలు, ఏమేం చేశారు. ‘పిల్లలంటే చాలా ఇష్టం’ అన్న వాక్యం ప్రతి కాగితంలోనూ ఉంటుంది. దాన్ని చదివి ఎవరూ ఆగరు. ‘ఏడాది వయసు పిల్లకు అన్నం అలవాటు చేశాను, రెండేళ్ల పిల్లకు డైపర్ మాన్పించాను’ అన్న వాక్యం దగ్గర నిజంగా పిల్లల్ని పెంచినవాళ్లు ఎవరైనా ఆగుతారు.

కాగితం ఒక పేజీ చాలు. పేరు, ఫోన్, ఉండే కాలనీ, చదువు, పైన చెప్పిన అనుభవం, వచ్చిన భాషలు, ఎప్పటి నుంచి చేరగలరు. ఈ కాలనీల్లో ఇళ్లలో తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ కూడా వినిపిస్తాయి. మలక్‌పేట, మూసారాంబాగ్ వైపు దరఖాస్తు చేసేవాళ్లు ఉర్దూ వస్తే తప్పక రాయాలి. మీ మాటకు పూచీ ఇచ్చే ఇద్దరి నంబర్లు, ముందుగా వాళ్లను అడిగి, కింద రాయాలి. పాత టీచరు కావచ్చు, మీరు పిల్లను చూసుకున్న ఇంటివాళ్లు కావచ్చు.

తర్వాత డెమో. క్లాసులోకి పంపి, ఇరవై నిమిషాలు ఏదైనా చెప్పమంటారు. కొత్తవాళ్లు చేసే పొరపాటు బోర్డు వైపు తిరిగి నిలబడటం. నేల మీద కూర్చోండి, పిల్లల కళ్లకు మీ కళ్లు సమానంగా వచ్చేలా. ఒక పాట, చేతులతో చేసే ఒక ఆట, ఒక చిన్న కథ. అంతకంటే వద్దు. డెమో ఒక పూట అయితే సరే. ‘వారం రోజులు వచ్చి చూడండి, తర్వాత మాట్లాడదాం’ అంటే అది పనే, దానికి జీతం ఉండాలి. ఆ మాట మర్యాదగా, మొదటి రోజే అడగాలి.

ఇక్కడ కొన్ని కష్టాలు దాచకుండా చెప్పుకోవాలి. కొన్ని చోట్ల చేరగానే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెడతారు, మధ్యలో మానేస్తే ఇవ్వరు. కొన్ని చోట్ల మొదటి నెల జీతం డిపాజిట్ అని ఆపుతారు. ఏడాదికి పది నెలలో పదకొండు నెలలో జీతమిచ్చి, వేసవి సెలవులకు ఇవ్వరు. అదే వేసవిలో మాత్రం ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు పట్టుకురమ్మంటారు. దీన్ని క్యాంపెయిన్ అంటారు. పసిపిల్లల దగ్గర పనికి కుదిరిన మనిషికి ఈ పని ఎందుకు పడుతుందో ఏ నియామక పత్రంలోనూ రాయరు. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. ‘ఒరిజినల్స్ డిగ్రీ అడ్మిషన్‌కి కావాలి మేడమ్, నా దగ్గరే ఉంచుకుంటాను’ అని అనేవాళ్లున్నారు, వాళ్ల మాట నెగ్గిన సందర్భాలూ ఉన్నాయి.

సర్టిఫికెట్ కొనేముందు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ బోర్డుల మధ్య టీచర్ ట్రైనింగ్ బోర్డులు కూడా కనిపిస్తాయి. ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్), మాంటిస్సోరి ట్రైనింగ్, మూడు నెలల్లో సర్టిఫికెట్, వంద శాతం ప్లేస్‌మెంట్. వీటిలో కొన్ని నిజంగా పని నేర్పుతాయి, కొన్ని కాగితం అమ్ముతాయి. తేడా తెలుసుకోవాలంటే ఒకటే ప్రశ్న అడగండి: ‘నిజమైన క్లాసులో, పిల్లల మధ్య ఎన్ని రోజులు కూర్చోబెడతారు?’ జవాబు సూటిగా రాకపోతే ఫీజు కట్టకండి.

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, అంటే ఎన్‌సీటీఈ, గుర్తించిన చదువు వేరే ఉంది. దాని పేరు డిప్లొమా ఇన్ ప్రీస్కూల్ ఎడ్యుకేషన్, రెండేళ్లది. తెలంగాణలో డీఎడ్‌తో పాటు దీనికీ డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారానే ప్రవేశం. ఇంటర్‌లో 50 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం. రెండేళ్లు రోజూ వెళ్లే వీలు లేనివాళ్లకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో పూర్వ బాల్య సంరక్షణ, విద్య డిప్లొమా ఇస్తుంది. దానికీ ఇంటర్ చాలు. హైదరాబాద్‌లో సైఫాబాద్ కమ్యూనిటీ సైన్స్ (పాత హోంసైన్స్) కళాశాలకు సొంత ల్యాబొరేటరీ నర్సరీ బడి ఉంది. అక్కడ పిల్లల ఎదుగుదల గురించి చదువుకునేవాళ్లు పాఠం చదివి, పక్క గదిలోకి వెళ్లి దాన్ని కళ్లారా చూస్తారు.

మాంటిస్సోరి పేరు ఇన్ని బోర్డుల మీద ఉంది కనుక ఒక సంగతి చెప్పాలి. 1907 జనవరి 6న రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే కూలీల వాడలో మరియా మాంటిస్సోరి తొలి ‘పిల్లల ఇల్లు’ తెరిచింది. అక్కడ పిల్లల్ని చూసుకోవడానికి మొదట కుదిరింది పెద్ద పట్టాలున్న టీచరు కాదు, ఆ భవనపు కాపలాదారు కూతురు. మాంటిస్సోరి స్వయంగా డాక్టరు. ఆమె ఆ యువతికి నేర్పింది ప్రధానంగా గమనించడం. పిల్లలు ఏం చేస్తున్నారో చూడు, తొందరపడి అడ్డు రాకు అని. అదే మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారు దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి, రెండో ప్రపంచయుద్ధ కాలమంతా మన దేశంలోనే ఉండిపోయి, వెయ్యిమందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆ పద్ధతి మనకు నేరుగా, ఆమె చేతి మీదుగా అందింది. మూడు నెలల ఫ్లెక్సీ కోర్సుల్లో ఆ గమనించే ఓపిక ఎంత మిగిలిందన్నదే నా ప్రశ్న.

తెలుగువాళ్లకు ఇంకో పేరు కూడా గుర్తుండాలి. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. ఊళ్లలో బాలవాడీలు నడపడానికి ఆ మండలి డబ్బిచ్చింది. అంగన్‌వాడీలు రావడానికి ముందే, మన ఆడవాళ్లలో ఎంతోమంది పసిపిల్లల పనిలో మొదటి జీతం చూసింది ఆ బాలవాడీల్లోనే.

అంగన్‌వాడీ: ఆలస్యమైనా నిలిచే కొలువు

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం నుంచి అంగన్‌వాడీలు పుట్టాయి. ఎల్బీనగర్, సరూర్‌నగర్, హయత్‌నగర్ చుట్టుపక్కల బస్తీల్లో అద్దెగదుల్లో నడిచే కేంద్రాలు ఇవాళ్టికీ ఎందరో పేదింటి పిల్లల తొలి బడి. పొద్దున పాటలు, మధ్యాహ్నం భోజనం, బరువు తూకం, టీకాలు గుర్తుచేయడం, గర్భిణులకు ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట సంపూర్ణ భోజనం, ఫోన్లో యాప్‌లో వివరాల నమోదు. ఇన్ని పనులు ఒక టీచరు, ఒక ఆయా మీద ఉంటాయి.

2021లో పెంచిన లెక్క ప్రకారం టీచర్ గౌరవ వేతనం నెలకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800. ఇందులో కేంద్రం 2018లో ఖరారు చేసిన మొత్తం టీచర్‌కు 4,500, ఆయాకు 2,250, అందులోనూ కొంత భాగం రాష్ట్రానిదే. మిగిలింది రాష్ట్రం వేస్తుంది. వేతనం అనరు, గౌరవ వేతనం అంటారు. ఈ ఒక్క తేడాతో యాభై ఏళ్లుగా ఆ ఆడవాళ్లు ప్రభుత్వోద్యోగుల లెక్కలోకి రాకుండా మిగిలిపోయారు. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీలు కేంద్రాలకు తాళాలు వేసి సమ్మెకు దిగారు. ఆ రోజుల్లో టెంట్ల కింద కూర్చున్నవాళ్లు అడిగిన ప్రధానమైన కోరిక ఒకటే, తమను ఉద్యోగులుగా గుర్తించమని.

2025 ఫిబ్రవరిలో మహిళా శిశు సంక్షేమ మంత్రి సీతక్క 14,236 పోస్టుల భర్తీ ఫైలుపై సంతకం చేశారు. టీచర్లు 6,399, సహాయకులు 7,837. వయసు 18 నుంచి 35 లోపు. ఒకప్పుడు టీచర్‌కు పదో తరగతి సరిపోయేది, ఇప్పుడు కనీస అర్హత ఇంటర్. స్థానికంగా ఉండేవాళ్లకే పోస్టు. అందుకే పెళ్లయి కొత్త కాలనీకి మారిన అమ్మాయిలు ముందుగా చేయాల్సిన పని ఆధార్‌లో చిరునామా మార్పించుకోవడం, మీసేవలో నివాస ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం తీసి ఉంచుకోవడం. నోటిఫికేషన్ పడ్డాక గడువు తక్కువ ఉంటుంది, ఆ రోజుల్లో మీసేవ కేంద్రాల ముందు వరసలు పెరుగుతాయి. వివరాలకు మీ వార్డు పరిధిలోని సీడీపీఓ (శిశు అభివృద్ధి పథకం అధికారి) కార్యాలయం. మధ్యలో ‘నేను ఇప్పిస్తాను’ అనే మనిషి ఎవరొచ్చినా పైసా ఇవ్వకండి.

ఆయాగా చేరితే జీవితమంతా ఆయాగానే ఉండాలన్న భయం ఒకటి ఉంది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టీచర్ పోస్టుల్లో సగం, ఐదేళ్ల సర్వీసు ఉన్న సహాయకులకు పదోన్నతి ద్వారా దక్కాలి. అలాగే సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం టీచర్లకు. 2020 జాతీయ విద్యావిధానం మరో దారి కూడా చూపింది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా, పని మానకుండానే. చిన్న మెట్టు ఎక్కి పెద్ద మెట్టు చూసే అవకాశం ప్రైవేటు ప్లేస్కూళ్లలో ఇంత స్పష్టంగా ఎక్కడా రాసి లేదు.

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనూ తలుపు తెరుచుకుంటోంది. 2025-26లో తెలంగాణ ప్రభుత్వం 210 బడుల్లో ప్రీప్రైమరీ తరగతులకు అనుమతి ఇచ్చింది. వాటికి ఇన్‌స్ట్రక్టర్లు, ఆయాలు కావాలి.

డే కేర్‌లో చేరేముందు

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ 26 వారాల సెలవుతో పాటు మరో మాట చేర్చింది. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసివచ్చే వీలుండాలి. ఈ నియమంతో ఆఫీసులు సొంతంగానో, బయటి క్రెష్‌లతో ఒప్పందంతోనో పిల్లల గదులు నడుపుతున్నాయి. ప్రభుత్వం వైపు నుంచి ‘పాల్నా’ పథకం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకునే క్రెష్‌లు దాని కింద నడుస్తాయి. అంటే ఏడాది వయసు పిల్లల్ని చూసుకోవడం వచ్చిన మనిషికి రాబోయే రోజుల్లో గిరాకీ పెరిగేదే.

కానీ డే కేర్‌లో చేరేవాళ్లు కళ్లు తెరుచుకుని చేరాలి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకు ఇచ్చిన మార్గదర్శకాలు 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలంటాయి. అది మూడేళ్లు దాటిన పిల్లల లెక్క. ఏడాది, రెండేళ్ల వాళ్లకు అంతకంటే ఎక్కువ చేతులు కావాలని పిల్లను పెంచిన ఎవరికైనా తెలుసు. ‘మీరొక్కరే మధ్యాహ్నం పన్నెండు మంది చంటిపిల్లల్ని పడుకోబెట్టాలి’ అని చెప్పారంటే, ఆ పని ఒప్పుకోవడం మీకూ ప్రమాదం, పిల్లలకూ ప్రమాదం. ఏదైనా జరిగితే కెమెరాలో కనిపించేది మీ మొహం. గదిలో మూడో మనిషి లేడన్న సంగతి కెమెరాలో కనిపించదు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నియమాల ప్రకారం పిల్లలతో మెలిగే సిబ్బంది అందరికీ సంస్థ పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. దీన్ని అనుమానంగా తీసుకోకండి. వెరిఫికేషన్ అడిగిన బడి మంచి బడి. అసలు అడగని చోట మీతో పాటు పనిచేసే డ్రైవరు, వాచ్‌మన్ ఎవరో మీకూ తెలియదు. అదే చట్టం మీ మీద కూడా ఒక బాధ్యత పెట్టింది. పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినా, అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలి, దాస్తే శిక్ష ఉంది. ‘బడి పేరు పోతుంది, ఊరుకో అక్కా’ అని ఎవరన్నా సరే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఫోన్లో రాసి ఉంచుకోండి.

జీతం విషయానికొస్తే, పదిమంది, ఆపైన పనిచేసే చోట నెలకు 21,000 లోపు జీతమున్నవాళ్లు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. మీ జీతంలో కోత 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆ చిన్న కోతతో మీకూ మీ కుటుంబానికీ నాచారం, సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లో వైద్యం అందుతుంది. పసిపిల్లల మధ్య పనిచేసేవాళ్లకు జలుబు, జ్వరం, కండ్లకలక ఏడాది పొడుగునా తప్పవు కనుక ఇది చిన్న విషయం కాదు. ఇరవైమంది ఉన్న చోట పీఎఫ్ కూడా. ఈ రెండు సంగతులూ ఇంటర్వ్యూలోనే అడగొచ్చు.

సముద్రం దాటాక

ఈ కాలనీల నుంచి అమెరికా వెళ్లిన అమ్మాయిల్లో కొందరు అక్కడ ఇదే పనికి దరఖాస్తు చేస్తున్నారు. 2015 మే నుంచి హెచ్4 వీసా మీద ఉన్న భార్యల్లో కొందరికి పని అనుమతి రావడంతో ఆ దారి తెరుచుకుంది. ఇక్కడ ఎంటెక్ చదివిన మనిషి అక్కడ డేకేర్‌లో అసిస్టెంటుగా మొదలుపెట్టడం కనిపిస్తుంది. అక్కడ సీడీఏ (చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్) అనే గుర్తింపు ఉంది. 120 గంటల చదువు, 480 గంటలు పిల్లల మధ్య పని చేసిన అనుభవం, ఆపై గదిలోకి వచ్చి పని తీరు చూసే నిపుణులు. డిగ్రీ లేనివాళ్లు కూడా తీసుకోవచ్చు. పిల్లల మధ్య గడిపిన గంటలను చదువుగా లెక్కపెట్టడం అందులో నాకు నచ్చిన విషయం. కొత్తపేటలో ఎనిమిదేళ్లు ఆయాగా చేసిన మనిషి దగ్గర ఆ 480 గంటలు ఎన్ని రెట్లు ఉంటాయో ఊహించండి. ఆ గంటలను రాసిపెట్టే పుస్తకం, చూసి పట్టా ఇచ్చే సంస్థ మన దగ్గర ఆమెకు అందుబాటులో లేవు. అందుకే ఎనిమిదేళ్ల తర్వాత ఇంకో బడికి వెళ్తే ఆమె మళ్లీ ఫ్రెషరే.

ఈలోగా ఆ పుస్తకం ఎవరికి వారే పెట్టుకోవచ్చు. ఒక నోటుబుక్కులో చేరిన తేదీ, చూసుకున్న పిల్లల వయసు, సంఖ్య, నేర్చుకున్న కొత్త పని. మానేసేటప్పుడు అనుభవ పత్రం తప్పక అడిగి తీసుకోవాలి, అందులో ‘ఆయా’ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా ఏ వయసు పిల్లల్ని చూసుకున్నారో రాయించుకోవాలి. ఇష్టంగా రాసిచ్చే ప్రిన్సిపాళ్లు ఈ ప్రాంతంలో ఉన్నారు, అడిగేవాళ్లే తక్కువ. ఏప్రిల్‌లో వేసవి సెలవులిచ్చేలోగా దరఖాస్తులకు బయల్దేరేవాళ్లు ఆధార్, పది, ఇంటర్ మెమోల జిరాక్సులు, రెండు ఫొటోలు, ఒక పేజీ కాగితం సిద్ధం చేసుకుని, పిల్లలు బడిలో ఉండే వేళకే వెళ్లండి. గేటు దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడితే లోపల ఆయాలతో టీచర్లు ఎలా మాట్లాడుతున్నారో వినిపిస్తుంది.